పడవలో వెనక చోటు

శుక్రవారం సాయంత్రం లమార్ తన షెడ్డులో పడవ మీద గాలపు కర్రలన్నీ వరసగా పరిచాడు. ఎల్వుడ్ అందులో ఒకదాన్ని తీసి, మొదలు పట్టుకుని ఊపి చూశాడు. కొత్తది, నల్లది, చేతిలో ఉన్నట్టే లేదు. కొన వణికింది గానీ నడుము కదల్లేదు.

"ఎలా ఉంది బావా?" అన్నాడు లమార్. అతను ఎల్వుడ్ భార్యకు తమ్ముడు. పడవ అతనిది.

"గట్టిదే."

"గట్టిదే అంటే బాగుందనా, బాగాలేదనా? నీ నోట్లోంచి మాట లాగడం కంటే నాచులోంచి చేపని లాగడం తేలిక."

ఎల్వుడ్ జేబులోంచి పాత నైలాన్ మేజోడు తీసి, కర్ర మీద దారం నడిచే రింగులన్నిట్లోంచీ దూర్చి లాగాడు. రింగులో వెంట్రుకంత పగులున్నా మేజోడు పట్టుకుంటుంది. పగులుంటే రేపు దారం అక్కడే కోసుకుపోతుంది. ఎక్కడా పట్టుకోలేదు.

"అక్క మేజోళ్లు ఇంకెన్ని కొట్టేశావ్?"

"చిరిగినవే." కర్ర కింద పెట్టి, "నా పాతదే తెచ్చుకుంటాలేరా," అన్నాడు ఎల్వుడ్.

"ఆ మెత్త కర్రా? అది చేపకి ఉయ్యాల. ఆ నాచులో అరచేతి వెడల్పు చేప కూడా దాంతో రాదు. రేపు నువ్వు పట్టేది ఇదే. గాలాలన్నీ నేనే కట్టి ఉంచుతా, నువ్వు చెయ్యి పెట్టకు."

చెయ్యి అన్న మాటకి ఎల్వుడ్ తన కుడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. చలికాలంలో ఎల్వుడ్ కుడి మణికట్టుకి ఆపరేషన్ అయింది. ఆ తరవాత జరిగిన ప్రతి చేపల పోటీలోనూ అతను చేపలు జార్చుకుంటూనే ఉన్నాడు. రేపటి పోటీలో మొదటి ఐదు పడవల్లో లేకపోతే వచ్చే ఏడాది పడవలో ఎల్వుడ్ నిలబడే వెనక చోటు కోల్బీదని లమార్ పోయిన ఆదివారం చర్చి బయటే చెప్పేశాడు. కోల్బీ అతని కొడుకు. ఎల్వుడ్ 'సరే' అని ఇంటికొచ్చి భోజనం ముట్టలేదు. తను పనిచేసే మిల్లు మూతపడ్డాక ఒకరికి పనికొస్తున్నది ఆ పడవలోనే.

అంతకు ముందు, ఆ పగలంతా సరస్సులో చేపలుండే చోట్లు వెతికారు. వెతికే రోజున గాలాల మొనలు పటకారుతో లోపలికి నొక్కేస్తారు. చేప వచ్చి లాగుతుంది, దాని చోటు తెలుస్తుంది, గాయం లేకుండా వదిలేసి పోతుంది. పోటీ రోజుకి అక్కడే ఉంటుంది. పాత వంతెన పక్కన, నాచు చాపలా కప్పేసిన మూలలో, లమార్‌కి పెద్ద లాగుళ్లే తగిలాయి. ఆ మూల మీదే వాళ్ల ఆశంతా.

శనివారం ఎండెక్కేసరికి పడవ తొట్టిలో నాలుగు చేపలున్నాయి. లెక్కకి ఐదు కావాలి. నాలుగూ లమార్ పట్టినవే. ముందు నిలబడి కాలితో చిన్న మోటారు నడుపుతూ, ఉడకబెట్టిన వేరుశనక్కాయ తొక్కలు నీళ్లలోకి ఉమ్ముతున్నాడు.

ఎల్వుడ్ నాచు మధ్య చిన్న సందులోకి గాలానికి ఎరగా గుచ్చిన రబ్బరు పురుగుని వదిలాడు. దారం పక్కకి జరిగింది. బలంగా ఎత్తాడు. కర్ర వంగింది, బరువు తెలిసింది, ఒక్క క్షణం. అంతే, దారం వదులైపోయింది.

"పోయిందా?"

"పోయింది."

లమార్ తిరిగి చూడకుండానే ఇంకో తొక్క ఉమ్మాడు.

కాసేపటికి ఇంకోటి పట్టింది. ఈసారి రెండు కాళ్లూ పడవకి తన్నిపెట్టి ఎత్తాడు. నాచు చీలి చేప పైకొచ్చింది. ఆ తల, ఆ నోరు ఇద్దరూ చూశారు. ఏడెనిమిది పౌన్లకి తగ్గదు. అది నోరు తెరిచింది. పురుగు ఎగిరొచ్చి ఎల్వుడ్ చొక్కాకి తగిలింది.

"బావా!" లమార్ గొంతు చించుకున్నాడు. "నీ చెయ్యి ఇంక పనికిరాదు. ఒప్పుకో. కోల్బీగాడైతే రెండూ తొట్టిలో ఉండేవి. అక్క మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నా."

ఎల్వుడ్ కూర్చున్నాడు. మణికట్టు తిప్పి చూసుకున్నాడు. నొప్పి ఉంది గానీ పట్టు జారలేదు. అది తనకి తెలుసు. మరి తప్పెక్కడ? దారాన్ని పెదవుల మధ్య పెట్టి లాగాడు, గరుకు తగల్లేదు. ముడి బిగువుగానే ఉంది. కర్రని అనుమానిద్దామంటే అది వంగినంతా వంగింది. ఇక మిగిలింది గాలం. మొన పురుగు ఒంట్లో దాగి ఉంది. రబ్బరుని వెనక్కి నెట్టాడు.

మొన లోపలికి ముడుచుకుని ఉంది.

బొటనవేలి గోరు మీద గీశాడు. పదునైన గాలం గోటికి పట్టుకోవాలి. ఇది నున్నగా జారిపోయింది. నిన్న చోట్లు వెతికిన గాలమే. రాత్రి లమార్ చూసుకోకుండా దాన్నే కట్టేశాడు.

ఇప్పుడే చెప్పెయ్యాలనిపించింది. కానీ లమార్ సంగతి తెలుసు. తల దించుకోవాల్సి వస్తే వాడి గాలం విసుర్లన్నీ గతి తప్పుతాయి. మిగిలిన గంటా పాడవుతుంది, చోటు పోతుంది. చెప్పకపోతే తప్పు చేతిదే అనుకుంటాడు. అలాగైనా చోటు పోతుంది. ఎల్వుడ్ దారం తెంపి కొత్త గాలం తీశాడు. తడి వేళ్లతో ముడి రెండుసార్లు జారింది.

"ఏంటది? కొత్త గాలమేగా, ఎందుకు మారుస్తున్నావ్?"

"మొద్దుబారింది."

"రాత్రి కట్టింది పొద్దుటికే మొద్దుబారుతుందా? చేతి తప్పు గాలం మీద తొయ్యకు. ఏదీ, ఇటివ్వు."

ఎల్వుడ్ ఇచ్చాడు.

లమార్ గోరు మీద గీశాడు. మళ్లీ గీశాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. "బావా, నేను..."

"నాచు చూడరా. గాలి తిరుగుతోంది."

లమార్ విసుర్లు నిజంగానే గతి తప్పాయి. ఒకటి వంతెన స్తంభానికి, ఒకటి పడవ తాడుకే తగులుకుంది. ఎల్వుడ్ అటు చూడలేదు. సందు వెంట సందు వెతికాడు. దారం మళ్లీ కదిలింది. ఎత్తాడు. ఈసారి మొన దిగింది, అది మోచేతిదాకా తెలిసింది. చేప నాచులోకి దూరి బండలా కూర్చుంది. మణికట్టులో నిప్పు రాజుకుంది.

"వదలకు, వస్తున్నా!" లమార్ పడవని నాచు మీదికే తోసి, బోర్లా పడుకుని, భుజందాకా చేతులు ముంచి నాచు పెళ్లలు పీకాడు. చేతికి చేప దవడ దొరికింది. మంచి చేప. పోయినదానంత కాదు.

తూకాలయ్యాక పేర్లు చదివారు. వీళ్లది ఆరో పడవ. ఐదోదానికీ వీళ్లకీ అర పౌను తేడా.

రేవులో లమార్ పడవ పట్టుకుని నీళ్లలో నిలబడ్డాడు. "ఆదివారం అన్న మాట వదిలెయ్ బావా. చోటు నీదే."

"ఆరో పడవ కదా మనది."

"గాలం నాది కదా."

"నేను కట్టిందైతే? అప్పుడూ వదిలేసేవాడివా?"

అవునని అబద్ధం చెప్పబోయి లమార్ తాడు చేతికి చుట్టుకున్నాడు. "లేదు. ఈపాటికి కోల్బీకి ఫోన్ చేసుండేవాణ్ణి."

ఎల్వుడ్ పడవలోని నల్ల కర్ర మీద చెయ్యి వేశాడు. వాడు నిజమే చెప్పాడు, కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు.

"కర్ర మంచిదేరా. నిన్న నేనే తప్పుగా అనుకున్నాను. ఇకమీదట నా గాలం మాత్రం నేనే కట్టుకుంటా."

"కట్టుకో. నావి కూడా కట్టు."

"నీవి నువ్వే కట్టుకో. మరి కోల్బీ?"

"వాడికేం, ఇరవై ఏళ్లైనా లేవు. ఆగుతాడు."

రేవు గట్టు మీద వరసలో ఆగిన ట్రక్కుల్లోంచి ఎవరో హారన్ కొట్టారు. ఎల్వుడ్ ఎడం చెయ్యి చాచాడు. లమార్ ట్రక్కు తాళాలు విసిరాడు. ఎల్వుడ్ వాటిని పట్టుకుని, పడవనెక్కించే ట్రైలర్ తేవడానికి గట్టెక్కాడు.