రేవతి పిల్లుల తిండి

కుప్పంలో కాలేజీ లెక్చరరుగా పనిచేసే రేవతి, 2003 వానాకాలంలో మెదడువాపు జ్వరమొచ్చి పోయింది. పెళ్లి చేసుకోలేదు. వెనక మిగిలింది రెండు బీరువాల పుస్తకాలు, రెండు పిల్లులు. పుస్తకాలను కాలేజీవాళ్లు తీసుకున్నారు. పిల్లుల్ని ఎవరూ అడగలేదు. కర్మలయ్యాక అక్క అమరావతి వాటిని వెదురుబుట్టలో పెట్టి, పైన చెల్లెలి పాత చీర కప్పి పుంగనూరు బస్సెక్కింది. గోధుమరంగు ఆడపిల్లి పేరు బెల్లం, నల్ల గండుపిల్లి పేరు మిరియం. పేర్లు పెట్టింది రేవతే.

అమరావతి భర్త గోపాలస్వామికి బజారు వీధిలో పూజాసామాన్ల అంగడి. ఆ ఇంటి గడప కోడిగుడ్డు కూడా దాటలేదు. అయినా పిల్లుల్ని ఆయన రానిచ్చాడు. అవి తినేది ప్యాకెట్లలో వచ్చే ఎండు గుళికలు కదా అనుకున్నాడు. రేవతి బెంగళూరు పోయినప్పుడల్లా కొనుక్కొచ్చేది. ఇప్పుడు టమోటా లారీ తోలే కదిరప్ప తెచ్చిస్తున్నాడు. వాటిలో చేపల పొడి ఉంటుందని అమరావతికి తెలుసు. ఆయనకు తెలుసో లేదో ఆమె అడగలేదు.

రెండేళ్లు బాగానే గడిచాయి. ఒక ఎండాకాలం మిరియం ఇసుకతట్టలో కూర్చుని ముక్కడం మొదలుపెట్టింది. ఒక్క చుక్క మూత్రం రాదు. అరుపు మాత్రం పసిబిడ్డ ఏడుపులా ఉంది. పక్కింటి కమరున్నీసా గోడమీదుగా చూసి, దిగి వచ్చి దాని కడుపు తడిమింది.

"అక్కా, ఇది ఆకలికి అరుస్తాండేది కాదు. పొట్ట సూడు, రాయి మాదిరి ఉండాది. బిరబిరా డాక్టరు దగ్గరికి ఎత్తుకొని పో."

మదనపల్లెలో పశువుల డాక్టరు మధుసూదన్ సన్నటి గొట్టం వేసి, నెత్తురు కలిసిన మూత్రం తీశాడు. అడుగున ఇసుకలాంటిది పేరుకుంది.

"ఈ గుళికల్లో తడి ఉండదమ్మా. పిల్లి నీళ్లు సరిగా తాగదు. తినేదాంట్లోనే తడి ఉండాల. పచ్చి కోడిమాంసం పెట్టండి. కార్జం, గుండె కొంచెం కలపండి. మెల్లగా మార్చండి, ఒక్కసారిగా వద్దు. ఇంకోసారి ఇట్లయితే బతకడం కష్టం."

"పెరుగన్నం పెడితే సాలదా సార్?"

"అది మన తిండి తల్లీ, దాని తిండి కాదు."

దారి పొడుగునా అమరావతి చెవుల్లో 'బతకడం కష్టం' అన్న మాటే మోగింది. ఇల్లు చేరగానే గుళికల డబ్బా తీసుకుపోయి కాలవలో గుమ్మరించింది. చెల్లెలి బిడ్డల్లాంటి వాటికి ఇన్నాళ్లూ విషం పెట్టినట్టు అనిపించింది ఆమెకు.

డాక్టరు చెప్పిన తిండి సంగతి గోపాలస్వామికి చెప్పింది.

"మాంసమా? ఈ ఇంట్లోనా?"

"ఇంట్లోకి తేను. పెరట్లో, బాయికాడ పెడతాను."

"నీ సేత్తో ముట్టుకుంటావా?"

"రేవతి ఉంటే ముట్టుకునేది."

ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి తన తాగునీళ్లు తనే వేరే చెంబులో ముంచుకోసాగాడు. అమరావతి అది చూసి కూడా చూడనట్టే ఉండిపోయింది.

కమరున్నీసా భర్త ఫకీర్ సాహెబ్‌ది కోళ్ల అంగడి. ఆయన మెత్తగా కొట్టి పంపిన మాంసాన్ని, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని గిన్నెల్లో వేసింది అమరావతి. వాసన పడక బావి గట్టు పట్టుకుని వాంతి చేసుకుంది. పిల్లులు రెండూ వాసన చూసి, మట్టి కప్పుతున్నట్టు కాలితో నేల గీకి వెళ్లిపోయాయి.

మర్నాడు మిరియం నాలుగు ముద్దలు తింది. బెల్లం ముట్టలేదు. ఆ మర్నాడూ ముట్టలేదు.

"ఆకలైతే అదే తింటాదిలే," అన్నారు చూసినవాళ్లంతా. అమరావతి కూడా అదే అనుకుంది. పెరుగన్నమైనా పెడదామనిపించినా, మళ్లీ మొండికేస్తుందని మనసు గట్టి చేసుకుంది. బెల్లం రేవతి చీర మీద పడుకుని కళ్లు మూసుకునే ఉండేది. ఆరో రోజు ఉదయం దాని చెవి లోపలి చర్మం పసుపు పూసినట్టు కనిపించేసరికి అమరావతి దాన్ని ఆ చీరలోనే చుట్టుకుని మదనపల్లె బస్సెక్కింది.

డాక్టరు చూసి కళ్లద్దాలు తీశాడు.

"తిని ఎన్నాళ్లయిందమ్మా?"

ఆమె చెప్పింది.

"పిల్లిని పస్తు పెట్టకూడదు. లివరు చెడిపోతాది. అందుకే మెల్లగా అంటిని," అన్నాడు. సెలైన్ ఎక్కించాడు, సూది వేశాడు. తిరుగు బస్సులో బెల్లం ఆమె ఒళ్లోనే ప్రాణం విడిచింది. పక్క సీటామె గుడ్డమూటను చూసి, "బిడ్డ నిద్రపోతాండాడా?" అని అడిగింది. అమరావతి తలూపింది.

ఇంట్లో ఆమె ఏమీ చెప్పకముందే గోపాలస్వామి పార తీసుకుని నిమ్మచెట్టు కింద గుంత తవ్వాడు. మట్టి కప్పాక ఆమె అంది, "నేనే సంపినాను."

"నువ్వు బతికియ్యాలని సేసినావు," అన్నాడాయన. ఆ రాత్రి ఇద్దరూ అన్నం తినలేదు.

అమరావతి మళ్లీ కదిరప్ప చేత గుళికల ప్యాకెట్టు తెప్పించింది. రోట్లో పొడి కొట్టి, అన్నంలో కారప్పొడి చల్లినట్టు మాంసం మీద చల్లింది. మిరియానికి మొదట పొడి ఎక్కువ, మాంసం తక్కువ. తర్వాత సగం సగం. ఒక పూట తినకపోతే వెనక్కి తగ్గేది, బలవంతం చేసేది కాదు. చేతి కవరు ఎప్పుడు తీసేసిందో ఆమెకే గుర్తులేదు. చల్లారిన ముద్ద తినడంలేదని గోరువెచ్చని నీళ్లు కలిపి వేళ్లతో పిసికేది. దీపావళి నాటికి పొడి అక్కర్లేకపోయింది. మిరియం ఒంటి మీద వెంట్రుకలు నిగనిగలాడాయి. ఇసుకతట్ట తడిగా కనిపించిన ప్రతి ఉదయం ఆమెకు ఊపిరి ఆడేది.

మరుసటి ఏడు చికున్‌గున్యా ఊరిని పడేసింది. అమరావతికి కీళ్లు బిగుసుకుపోయి మంచం దిగలేని స్థితి. గోడ అవతల కమరున్నీసా ఇల్లంతా మూలుగులే. పెరటి తలుపు దగ్గర మిరియం అరుస్తోంది.

"ఏమండీ, దాన్ని పస్తు పెట్టగూడదు," అంది, అంతకన్నా అడగలేక.

గోపాలస్వామి కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లాడు. మాంసం పొట్లంతో తిరిగొచ్చి ఇల్లు తొక్కకుండా సందులోంచి పెరట్లోకి పోయాడు. కాసేపటికి అక్కడినుంచే గొంతు వినిపించింది.

"దీన్ని ఊరికే పెట్టేదేనా?"

"వేన్నీళ్లు పొయ్యండి. వెచ్చగా ఉంటేనే తింటాది."

గిన్నె చప్పుడైంది. తర్వాత బావిలో చేద పడిన చప్పుడు, స్నానం నీళ్లు. తడి పంచెతో వచ్చి ఆయన గది గుమ్మంలో నిలబడ్డాడు.

"తిన్నాడు."

"అంతానా?"

"గిన్నె నాకతాండాడు."

అమరావతి గోడవైపు తిరిగి, చెల్లెల్ని తలుచుకుని ఏడ్చింది. గోపాలస్వామి మంచం పక్కన కూర్చుని, వాచిన ఆమె మణికట్టును మెల్లగా రుద్దసాగాడు.