కింద రాసిన నంబరు

చివరి బుట్ట దగ్గరికి వచ్చేసరికి వదినా ఆడపడుచూ సరిసమానంగా ఉన్నారు. ఊరి డిస్క్ గోల్ఫ్ జట్టులో మిగిలింది ఒక్క చోటు. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కును దూరంనుంచి విసురుతూ, తక్కువ విసుర్లలో ఆ గొలుసులు వేలాడే ఇనప బుట్టలో ఎవరు వేస్తే చోటు వాళ్ళది.

ఆడపడుచు బస్సు డ్రైవరు. రోజూ ఒకే దారిలో పోయి ఒకే దారిలో వచ్చే మనిషి. జట్టు చొక్కా వేసుకుని వేరే ఊళ్ళకు ఆటకు వెళ్ళాలని ఏడాదిగా ఆమెకు ఒకటే కోరిక. సంచిలో మూడంటే మూడే డిస్కులు. దూరానికి పసుపుది, మధ్యకు ఎర్రది, దగ్గరికి తెల్లది. మూడూ వదిన పారేయబోయి ఇచ్చినవే. పనికిరానివి దానం చెయ్యడంలో వదిన చేతికి ఎముక లేదు. "నేర్చుకునేదానివి, నీకివి చాల్లే" అంది అప్పట్లో. డిపో వెనక ఖాళీ స్థలంలో, గోడమీద సుద్దతో గీసిన గుండ్రానికి గురిపెట్టి ప్రతి సాయంత్రం విసిరి విసిరి, ఏది ఎక్కడ వంగుతుందో తన బస్సు బ్రేకులంత బాగా తెలుసుకుంది డ్రైవరు.

వదిన సంచిలో ఇరవై రెండు. కుడివైపంతా చెరువు, పైగా గాలి లేచింది. ఒకటి తీసింది, పెట్టేసింది, ఇంకోటి తీసింది. ఏదీ నమ్మకంగా అనిపించలేదు కాబోలు, చివరికి చెయ్యి చాపింది.

"అమ్మాయ్, ఆ ఎర్రది ఇలా ఇవ్వు. అది నాదే కదా."

"నాకిచ్చేశావుగా వదినా!"

"కింద ఎవరి నంబరుందో చూడు."

తిప్పి చూస్తే వదిన ఫోన్ నంబరే. కింద ఎవరి నంబరుంటే డిస్కు వాళ్ళదేనన్నది ఈ ఆటలో అందరూ ఒప్పుకున్న మాట. కాదంటే రేపటినుంచి అన్నయ్య ఇంట్లో మాటలుండవు. ఇస్తే తన బలం సగం పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒళ్ళు మండిపోతుండగా ఇచ్చేసింది.

అసలు చిక్కు ఇచ్చాక మొదలైంది. కొత్తలో ఆ ఎర్రది చివరికొచ్చేసరికి ఎడమకు వంగేది. గోడకు తగిలి తగిలి అంచు అరిగాక కుడికి పోతోంది. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు. నోరు మూసుకుంటే చాలు, చోటు తనదే. వదిన అప్పటికే కాలు ముందుకు వేసింది.

"వదినా, ఆగు! అది అరిగిపోయింది. ఇప్పుడు కుడికి పోతుంది."

వదిన నవ్వింది. "నా డిస్కు సంగతి నాకే చెబుతున్నావా?"

విసిరింది. ఎర్రది చెరువు మీదుగా వెళ్ళింది. ఇక ఎడమకు తిరుగుతుందని వదిన చూస్తుండగానే కుడికి ఒరిగి ఒడ్డు పక్కన నీళ్ళలో మునిగింది.

ఇక డ్రైవరు వంతు. ఈ గాలికి పసుపుది చెట్లలో చిక్కుతుంది. తెల్లది తీసి, చెరువు జోలికి పోకుండా ఎడమ ఒడ్డు వెంబడి తక్కువ దూరం విసిరింది. నడిచి వెళ్ళి మళ్ళీ విసిరింది. మూడోసారి గొలుసులు గలగలమన్నాయి. వదినకు అయిదు విసుర్లు పట్టాయి.

అది కాగానే వదిన మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ఎర్రదాన్ని వెతికి తెచ్చింది. మొహం గంటుపెట్టుకునే ఉంది. స్కోరు చీటీ రాస్తున్న జట్టు కెప్టెన్ చేతిలోంచి మార్కరు లాక్కుని, డిస్కు తుడిచి, తన నంబరు కొట్టేసింది.

"ఊఁ, నీ నంబరు చెప్పు," అంది. "నేనెలాగూ నీ మాట వినలేదు. ఇదైనా వింటుంది."