కంటికి ఆనే గీత

దారానికి నీలం పొడి పట్టించి, ఒక కొసను మేకుకు చుట్టి, రెండో కొసను బిగలాగి పట్టుకుని, వేళ్ళతో మీటి వదిలాడు రంగులాయన. టప్పుమంది. నిన్న సున్నం వేసిన గోడ మీద సన్నటి నీలం గీత పడింది.

అది పై గీత. ధర్మాసుపత్రికి ఏడాదిలో వచ్చిన విరాళాలు దాని మీద రాస్తాడు. దాని కింద మందులు, తిండి, కరెంటు, మరమ్మతులు, సిబ్బంది జీతాలు. అన్నిటికన్నా కింద, కాస్త ఎడంగా మరో గీత. ఆసుపత్రిని నడిపే మనిషి జీతం దాని మీదికి వస్తుంది. వీధిలో పోయే ఎవరైనా ఆగి చదువుకోవచ్చు. ఆసుపత్రి పెట్టిన ఏడు నుంచీ అదే పద్ధతి.

స్టూలు దిగాడు. ఊపిరి మాత్రం ఇంకా పైనే ఉండిపోయినట్టుంది. గోడకు చెయ్యి ఆనించి అది దిగేదాకా ఆగాడు. మోచేతుల దాకా సున్నపు పొక్కులు. కుడి చూపుడువేలు గోరు ఎప్పటికీ నీలమే.

కింది గీతకు మేకు వెతుక్కోనక్కర్లేదు. అది గోడలో పాతుకుపోయి ఉంది. ఒకప్పుడు అక్కడ అతని భార్య బొటనవేలు ఉండేది.

ఆమె దారం కొసను గోడకు అదిమిపట్టి "లాగనా?" అనేది. ఇతను "ఊఁ" అనేవాడు. గీత పడేలోపు పక్కింటి సంగతి, పాలమనిషి సంగతి, తన మోకాలి సంగతి అన్నీ చెప్పేసేది. ముక్కు కొసన నీలం అంటేది. ఇప్పుడు మేకు పట్టుకుంటోంది. అలిసిపోదు, జారదు, "లాగనా?" అని అడగదు.

మొదటి ఏడు, అప్పట్లో ఆసుపత్రిని నడిపిన పాత డాక్టరు తన జీతం ఎక్కడో ఒకచోట రాసెయ్యమన్నాడు. చదువురాని ఆమె దారం వదలకుండానే అడ్డుపడింది. "మిగతావి మెడెత్తి చదివినా పర్లేదయ్యా. మీది మాత్రం నా కంటికి ఆనాలి. మీరు చెయ్యి చాపేది నాలాంటిదాని దగ్గరే కదా." డాక్టరు పగలబడి నవ్వి, ఆమెను గోడకు ఆనుకుని నిలబడమన్నాడు. ఆమె పొట్టిది. ఆమె కళ్ళెంత ఎత్తున ఉన్నాయో అంత ఎత్తున గీత పడింది. ఆ గీత మీదే ఆమె అంకెలు నేర్చుకుంది.

ఇంట్లో ఆమె ఫోటో లేదు. ఆమె ఎంత ఎత్తుండేదో చెప్పడానికి ఈ మేకు తప్ప మరేమీ మిగల్లేదు.

మేనేజరు కాగితం తెచ్చాడు. రంగులాయన దాన్ని పైనుంచి కిందికి చదివి, వెనక్కి తిప్పి చూశాడు.

"కిందిది లేదేం బాబూ?"

"ఈసారి రాయట్లేదు పెద్దాయనా. వచ్చే నెల్లో గోడ కిందిభాగానికి టైల్స్ వేయిస్తున్నారు. ఆ మేకు కూడా పీకేస్తారు, మీ చొక్కా చిరక్కుండా ఉంటుంది."

మేనేజరు నవ్వాడు. రంగులాయన నవ్వలేదు. మేకు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. కాసేపటికి కొత్త డైరెక్టరమ్మే బయటికి వచ్చింది.

"దాచట్లేదండీ. సిబ్బంది జీతాల్లో నాదీ కలిసే ఉంది."

"చెరువులో చెంబెడు పాలు పోశాక ఏవమ్మా పాలు అంటే ఎవరు చూపిస్తారు?"

ఆమె ముఖం ఎర్రబడింది. "ఇక్కడికి రావడానికి నేనెంత వదులుకున్నానో అది కూడా రాస్తారా గోడ మీద?"

"రాయమంటే రాస్తానమ్మా. చోటుంది."

ఆమె గొంతు తగ్గింది. "వార్డు ఆయాలు రోజూ ఈ గోడ పక్కనుంచే వస్తారు. వాళ్ళ మొహం నేను చూడాలి కదండీ."

"పాత డాక్టరుగారూ చూశారమ్మా."

"చెప్పింది రాయండి చాలు," అని లోపలికి వెళ్ళిపోయింది.

చెప్పింది రాశాడు. పొద్దు నడినెత్తికి వచ్చి, వాలేదాకా రాశాడు. అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. చివర మేకుకు దారం చుట్టి, కింది గీత కూడా కొట్టాడు. దాని మీద ఏమీ రాయలేదు. అలాగని చెరపనూ లేదు.

ఎదురు కొట్లోంచి టైలరు కుట్టు ఆపి చూశాడు.

"ఏంటన్నా, గోడకి ముందుపన్ను ఊడినట్టుంది?"

"పీకించుకున్నారు."

"వదినుంటే ఊరుకునేదా! దారం నీ మెళ్ళో వేసి లోపలికి లాక్కెళ్ళేది."

రంగులాయన కుంచెలు కడుగుతూ "అంతే," అన్నాడు.

సాయంత్రం పని దిగి ఆయాలు బయటికి వచ్చారు. ఏటా చేసినట్టే గోడ దగ్గర ఆగారు. ముసలి ఆయా ఖాళీ గీత మీద వేలు ఆనించి చూసింది.

"ఇక్కడేం లేదేంటే?"

"ఏమీ తీసుకోవట్లేదేమో!" అంది పడుచుది.

"అయితే మనకన్నా బీదదే పాపం. రేపట్నుంచి తలా కాస్త అన్నం పెడదాం."

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు మెట్ల మీదిదాకా వెళ్ళింది. అక్కడ డైరెక్టరమ్మ కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. నవ్వు ఆగింది. ఎవరూ ఆమె మొహం చూడలేదు. ఆమే వాళ్ళ మొహాలు చూసింది. అంకె ఉండివుంటే తిట్టుకునేవాళ్ళేమో. అంకె లేనందుకు జాలిపడ్డారు. తిట్టయితే దులుపుకోవచ్చు.

రంగులాయన డబ్బాలు సంచిలో సర్దుకున్నాడు.

"దారం మర్చిపోయావన్నా," అన్నాడు టైలరు.

"పని కాలేదుగా," అన్నాడు. స్టూలు చంకన పెట్టుకుని వీధి మలుపు తిరిగాడు. మలుపులో ఒకసారి ఆగి స్టూలు ఈ చంకలోంచి ఆ చంకకు మార్చుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రి తలుపులు తియ్యకముందే డైరెక్టరమ్మ వచ్చి గోడ దగ్గర నిలబడింది. మేనేజరుతో చెప్పి పంపలేదు. మేకు ఆమె భుజానికి వస్తోంది. గీత చదవాలంటే ఆమె వంగాలి.

ఎదురుకొట్టు సగం మూసి ఉంది. టైలరు రోడ్డు దాటి వచ్చాడు. చెప్పులు లేవు.

"అతని కోసమా అమ్మా?"

"అవునండీ. కింది గీత మీద అంకె చెప్దామని. మిగతావి ఎంత లావో అంత లావు రాయమనండి."

టైలరు గోడ వైపు చూశాడు, ఆమె వైపు కాదు.

"రాత్రి పడుకున్నవాడు లేవలేదమ్మా."

అంకె చెప్పడానికి ఆమె వచ్చింది. రాయడానికి అతను లేడు. మంచిబుద్ధి ఎప్పుడూ అంతే, ఒకపూట ఆలస్యంగా వస్తుంది. ఆమె మేకు పీకవద్దని మేనేజరుతో చెప్పి లోపలికి వెళ్ళింది.

మేకు నుంచి దారం వేలాడుతోంది. గాలికి కదిలినప్పుడల్లా దాని కొస ఖాళీ గీత కింద సున్నాన్ని తాకి, కొంచెం కొంచెంగా నీలం అంటిస్తోంది.