ఒక రోజు ముందు పుట్టినవాళ్ళు

టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పంచాంగం తన కీబోర్డు సందుల్లో దుమ్ము దులుపుతోంది. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా నడిచేది ఈ ఇరుకు గదిలోంచే. ఒక కిటికీ, రెండు కంప్యూటర్లు, నడుంనొప్పికి కుర్చీలో వేసుకున్న పాత దుప్పటి మడత. అంతే సామ్రాజ్యం. ఆమె అసలు పేరు జీతాల కాగితాల్లో ఉంటుంది గాని, ఆసుపత్రిలో అందరికీ ఆమె పంచాంగమే. ఏ రోగి ఎప్పుడు పేరు రాయించుకున్నాడో అడిగితే ఠక్కున చెబుతుందని పెద్ద డాక్టరు పెట్టిన పేరు అది. మొదట్లో ఉక్రోషపడింది, తరవాత అలవాటైపోయింది. చీటీలు టైపు చేసే పనికి వచ్చి, ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, ఇక్కడే జుట్టు నెరిసిపోయింది. పెళ్ళి మాటెత్తినవాళ్ళకి "చూద్దాంలే" అని చెబుతూ, చూడకుండానే కాలం గడిపేసింది. ఇంట్లో ఉన్నది ఒక్క చెల్లెలు. ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటారు, ఒకరు లేకుండా ఇంకొకరు అన్నం ముట్టరు.

ఫోను మోగింది.

"మేడం, నేనేనండీ."

ఎవరో చెప్పనక్కరలేదు. డయాలసిస్ మీద ఉన్న ఒక అమ్మాయి తండ్రి. రోజూ ఇదే వేళకి చేస్తాడు.

"ఏమన్నా వచ్చిందాండీ? రేపటితో పాపకి పద్దెనిమిది నిండిపోతాయి. ఇంక పెద్దవాళ్ళ వరసలో వేసేస్తారంటగా. చేతుల్లో సూది గుచ్చడానికి చోటు లేదండీ. అంత దాకా ఆగలేదండీ అది."

అదే నియమం. పద్దెనిమిది నిండనివాళ్ళకి మొదటి హక్కు. నిండితే పెద్దవాళ్ళ జాబితాలో చివరికి పోవాలి, అక్కడ ఏళ్ళకేళ్ళు ఎదురుచూపే.

"ఇవాళింకా ఉంది కదండీ, ధైర్యంగా ఉండండి," అంటూనే ఆమె పిల్లల జాబితా తెరిచింది. అందులో ఆ అమ్మాయి లేదు.

పైనుంచి కిందిదాకా మళ్ళీ వెతికింది. ఇవాళ తెల్లవారగానే ఒక కిడ్నీ వచ్చిన కబురు అందింది. ప్రోగ్రాం దాన్ని ఒక బస్సు డ్రైవరుకి కేటాయించింది. అతన్ని పిలిపించారు, పైన వార్డులో సిద్ధం చేస్తున్నారు. ఆ రక్తపు గ్రూపు ఈ అమ్మాయిది కూడా.

"మళ్ళీ చేస్తానండీ," అని ఫోను పెట్టేసింది.

పేరు వెతికితే పెద్దవాళ్ళ జాబితాలో, అట్టడుగున దొరికింది. పుట్టినరోజు రేపటిది కాదు, ఇవాళ్టిది. తండ్రే పొరబడ్డాడేమో! కూతురి పుట్టినరోజు కన్నతండ్రి మరిచిపోతాడా? ఆమె గబగబా మిగతా పేర్లు చూసుకుంటూ పోయింది. పుట్టినరోజు తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో కోకొల్లలు. అలాంటివాళ్ళందరికీ జనవరి ఒకటి అని వెయ్యడం ఆసుపత్రి ఆనవాయితీ. ఇప్పుడు జనవరి ఒకటిన పుట్టినవాడు ఒక్కడూ లేడు. అందరూ కట్టకట్టుకుని డిసెంబరు ముప్ఫై ఒకటికి వెళ్ళి కూర్చున్నారు.

"ఓరి దేవుడో," అంది పైకే.

డేటాబేసును కిందటి వారమే దూరదేశపు సర్వరుకి మార్చారు. అక్కడి గడియారం ఇక్కడికంటే గంటల కొద్దీ వెనక నడుస్తుంది. అందుకని, ఇక్కడినుంచి వెళ్ళే వేళను అక్కడి వేళగా, అక్కడినుంచి వచ్చేదాన్ని మళ్ళీ ఇక్కడి వేళగా మార్చమని ప్రోగ్రాముకు తనే చెప్పింది. పేర్లు రాయించుకున్న వేళలన్నీ సరిచూసుకుంది, నిమిషం తేడా లేదు. పుట్టినరోజులు మాత్రం చూడలేదు. పుట్టినరోజుకి గంటలేమిటి? కాని ప్రోగ్రాముకి గంట లేని తేదీ అంటే అర్ధరాత్రి. ఇక్కడి అర్ధరాత్రి అక్కడ ముందురోజు సాయంత్రం. అక్కడి డేటాబేసు సాయంత్రాన్ని కత్తిరించి పారేసి, ముందురోజు తేదీని మాత్రం బుద్ధిగా దాచుకుంది. ఊరందరూ ఒక రోజు ముందు పుట్టేశారు.

ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె పుట్టినరోజు కూడా బళ్ళో మేస్టారు తోచినట్టు వేసిందే. అది ఎన్నడూ చేసుకోలేదు, చెల్లెలు గుర్తుచేస్తే విసుక్కునేది. పుట్టినరోజంటే కాగితంలో ఖాళీ నింపడానికి వేసే అంకె అనుకునే మనిషికి, దాన్ని సరిచూడాలని ఎందుకు తోస్తుంది?

లేచి పై అంతస్తుకి మెట్లు ఎక్కసాగింది. ఇప్పుడు నోరు మూసుకున్నా ఎవరికీ తెలియదు. రేపటికి ఆ అమ్మాయికి ఎలాగూ పద్దెనిమిది నిండుతాయి. ఆ ఆలోచన వచ్చినందుకు చెంపలు వాయించుకోవాలనిపించింది.

పెద్ద డాక్టరు అప్పుడే ఆపరేషను గది వైపు బయలుదేరాడు. పక్కన వార్డు సిస్టరు. పంచాంగం ఒక్క గుక్కలో చెప్పేసింది. సర్వరు మార్చకముందు దాచిన పాత కాపీని వార్డు కంప్యూటరులో తెరిచి, అసలు తేదీ కూడా చూపించింది.

"అక్కా, ఆయనకి గౌను కూడా తొడిగేశాం!" అంది సిస్టరు ఏడుపు గొంతుతో.

డాక్టరు తెర మీది తేదీ చదివాడు. "అమ్మాయి ఎంత దూరంలో ఉంది?"

"ఊళ్ళోనే సార్."

"పిలవండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆయనకి ఎవరు చెప్తారమ్మా?"

"తప్పు నాది సార్. నేనే చెప్తాను."

డ్రైవరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బి, పాదాలు వాచి, చర్మం మెరుస్తోంది. భార్య అతని గౌను ముడులు సరిచేస్తోంది. పంచాంగం వాళ్ళకెదురుగా నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేనని భయం వేసింది.

"అంటే నాకు కాదంటారా?"

"కాదండీ. మీకంటే ముందు ఇంకొకరున్నారు. నా పొరపాటు వల్ల మిమ్మల్ని పిలిచారు."

భార్య లేచి నిలబడింది. "పిలిచి, స్నానం చేయించి, ఇప్పుడు లేదంటావా? నోటికాడ కూడు లాక్కుంటావా? నీకు మొగుడూ పిల్లలూ ఉన్నారా అసలు?"

"లేరమ్మా."

"ఊరుకోవే," అన్నాడు డ్రైవరు. పంచాంగం ముఖంలోకి చూశాడు. "చిన్నపిల్లలెవరైనానా?"

"చెప్పకూడదండీ."

అతను తలూపాడు. "సీట్లో కూర్చున్నాక టిక్కెట్టున్నవాళ్ళొచ్చి లేపారనుకుంటాలే. నేనెంతమందిని లేపలేదు!" నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "నా వరస పోదుగా?"

"పోదండీ. పెద్దవాళ్ళలో మీరే ముందు."

"అప్పటిదాకా నేనుండాలిగా," అన్నాడు. గౌను ముడి విప్పుకోబోతే వేళ్ళు వంగలేదు. పంచాంగం చెయ్యి చాచింది. భార్య ఆ చేతిని తోసేసి, తనే విప్పింది.

కిందికి వచ్చి ఫోను చేస్తే అవతల తండ్రి అరిచిన అరుపుకి మాట అర్థం కాలేదు. కాసేపటికే అమ్మాయిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ పరుగెత్తారు. చిక్కిపోయిన ముఖం, చేతుల నిండా కట్లు. తండ్రి దారిలో పంచాంగానికి దణ్ణం పెట్టబోతే ఆమె గోడవైపు తిరిగిపోయింది. ఆ దణ్ణం ఎలా తీసుకుంటుంది?

మధ్యాహ్నమంతా పాత కాపీలోంచి పుట్టినరోజులన్నీ తిరిగి తెచ్చి, గడియారం అంటని వట్టి తేదీలుగా రాసింది. ఒక్కొక్క పేరూ వేలుపెట్టి సరిచూసింది. జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు వాళ్ళ చోటికి వచ్చేశారు. చెల్లెలు కట్టిచ్చిన డబ్బా మూత తియ్యలేదు.

సాయంత్రం ఆపరేషను బాగానే జరిగిందని కబురొచ్చింది. ఆమె ఒక్కసారి ఏడ్చి, ముఖం కడుక్కుని, పైకి వెళ్ళింది. డ్రైవరు మంచం ఖాళీగా ఉంది, దుప్పటి అప్పుడే మార్చారు.

"ఎప్పుడు వెళ్ళారు?"

"ఎవరికీ చెప్పకుండా వెనక మెట్ల మీంచి వెళ్ళిపోయారక్కా," అంది సిస్టరు. "ఇవి మరిచిపోయారో, వదిలేశారో మరి. వాపుకి ఏళ్ళుగా చెప్పులు తప్ప పట్టలేదట. ఆపరేషనయ్యాక ఇవేసుకుని ఇంటికి నడిచెళ్తానని పొద్దున్న అందరికీ చూపించాడు."

మంచం కింద, గోడవైపుకి నెట్టి, కొత్త లేసులు ఎక్కించి నిగనిగలాడేలా పాలిషు పట్టిన నల్లబూట్ల జత ఉంది.