మాట్లాడని పనిముట్టు

తమ కంపెనీ నడిపే అలాబెల్ అనే ఆట సర్వర్లు ఇకముందు ఏ ఆపరేటింగ్ సిస్టం మీద నడవాలో తేల్చడానికి తాలాయ్ ఆఫీసు వాళ్ళందరినీ ఇంటికి పిలిచాడు. తల్లి తుంటి విరిగి మంచాన పడినప్పటి నుంచి ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాల్సి వస్తోంది. కిర్గిజుల ఆచారం ప్రకారం తల్లి చిన్న కొడుకు దగ్గరే ఉండాలి. తాలాయ్ చిన్న కొడుకు కాబట్టి ఆమె అతని దగ్గర కాక మరెక్కడ ఉంటుంది? అక్కలిద్దరూ బిష్కెక్ ఆ చివరి నుంచి వంతులవారీగా వస్తున్నారు. కోడలు చేయాల్సిన చాకిరీ తాము చేస్తున్నామని మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ చెప్పి మరీ వెళ్తున్నారు.

ఆ కోడలు తాలాయ్ భార్య బురులై. అలాబెల్ ఆమె చేతుల మీద పుట్టింది. కంప్యూటరు తెరలో తప్ప ఎక్కడా లేని కొండ, దాని మీద పచ్చిక. వేలమంది పని ముగించుకుని అక్కడికి చేరతారు. గుడారాలు వేసుకుంటారు, గుర్రాలు పరిగెత్తిస్తారు, పోట్లాడుకుంటారు, పెళ్ళిళ్ళు కూడా చేసుకుంటారు. దాన్ని మోసే సర్వర్లన్నిటినీ మొదటి నుంచీ లినక్స్ మీద నడిపింది ఆమే. ముప్పై దాటాక ఆమె చూపు ఏటేటా తరుగుతూ వచ్చి చివరికి వెలుతురూ నీడా మాత్రం మిగిలాయి. పని మాత్రం తగ్గలేదు. ఆమె లినక్స్‌లో పెట్టుకున్నదంతా నల్ల తెర మీద అక్షరాలే. రాసిన ప్రతి వరుసనూ యంత్రం చెవిలో చదువుతుంది. ఆ గొంతును ఆమె ఎంత వేగంగా పెట్టుకునేదంటే పక్కన కూర్చున్న వాళ్ళకు మూకుడులో గింజలు చిటపటలాడుతున్నట్టు ఉండేది.

ఆ రోజు టీ పోస్తూనే వాదించింది. ఆటలో ఉన్నవాళ్ళను బయటికి తోలకుండా ఒక్కో ముక్కనే ఆపి బాగుచేసే ఏర్పాటు తాను ఏళ్ళ తరబడి కట్టుకొచ్చానని, ఇప్పుడు మారిస్తే అదంతా మళ్ళీ మొదలుపెట్టాలని చెప్పింది. తాలాయ్ శాంతంగా విన్నాడు. తమ దగ్గరికి ఉద్యోగానికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది విండోస్ మీదే నేర్చుకుని వస్తున్నారని, వాళ్ళకు పని నేర్పేసరికే ఏడాది గడిచిపోతోందని అన్నాడు. 

"రేపు నీకు జ్వరం వస్తే నీ నల్ల తెర ముందు ఎవరు కూర్చోవాలి బురుల్?"

అందులో అబద్ధం లేదు. బురులై ఆలోచించి సరేనంది. విండోస్ కూడా తనతో మాట్లాడుతుంది, కొత్తగా నేర్చుకుంటే పోతుంది అనుకుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తాలాయ్ ఆమె చెయ్యి మెల్లిగా నొక్కాడు.

ఇక మిగిలింది పనిముట్ల ఎంపిక. కొండలు కట్టాలన్నా, గుర్రాలకు నడక నేర్పాలన్నా, తప్పులు దిద్దాలన్నా వాటితోనే చేయాలి. ఆల్మాటీ నుంచి ఒకరు, తాష్కెంట్ నుంచి ఒకరు తమ సరుకు చూపించడానికి ఇంటికే వచ్చారు. ఆ పూట సర్వర్లు మొండికేయడంతో బురులై ఆఫీసులో ఉండిపోయింది. సాయంత్రం తాలాయ్ తాష్కెంట్ వాళ్ళది తీసుకుంటున్నామని చెప్పాడు. అందులో అంతా బొమ్మలేనట. మౌసుతో లాగి పెట్టడం, పెట్టెకూ పెట్టెకూ మధ్య గీత గీయడం, అంతే. రాసే పనే ఉండదట.

"నీ కోసం అడిగాను బురుల్, చదివి వినిపిస్తుందా అని. లేదన్నాడు."

అంటే ఇక ఆమెకు అక్కడ పని లేనట్టే. అయినా తాను నోరు తెరవకముందే ఆ సంగతి అడిగినందుకు బురులైకి గుండె కరిగినంత పనైంది. రెండోది ఇంకా అధ్వానంగా ఉండి ఉంటుందని తనకు తానే చెప్పుకుంది. మా ఆయన నా సంగతి అడగకుండా ఏదీ కొనడని మర్నాడు ఆఫీసులో అమ్మాయిలతో గొప్పగా అంది కూడా.

ఆ ఆదివారం ఆడపడుచులు రాలేదు. బురులై అత్తగారికి ఒళ్ళు తుడుస్తోంది. ఆమెను ఇంట్లో అందరూ అపా అనే పిలుస్తారు.

"నీళ్ళు చల్లారిపోయాయి" అంది అపా.

"ఇప్పుడే కాచాను అపా."

"ఆ మీటలు నొక్కీ నొక్కీ నీ చేతులు మొద్దుబారాయి. పర్వాలేదులే, ఇక అలవాటవుతుంది. నన్ను తోమడమేగా నీ ఉద్యోగం."

బురులై గుడ్డను మళ్ళీ నీళ్ళలో ముంచింది. అపా గోడవైపు తిరుగుతూ మూలిగింది. "ఆల్మాటీ వాడు ముందొచ్చాడు. గుడ్డివాళ్ళకు చదివి వినిపిస్తుందా అని నా కొడుకు అడిగాడు. భేషుగ్గా చదువుతుందని సంబరపడుతూ చెప్పాడు పాపం. వీడు టీ అయినా తాగనివ్వకుండా వాణ్ణి సాగనంపాడు. రెండోవాడినీ అదే అడిగాడు. లేదని వాడు నీళ్ళు నమిలాడు. వాడికి మాత్రం మీ ఆడపడుచు చేత మంతీ కుడుములు వండించి పెట్టాడు."

"మీకు సరిగా వినపడి ఉండదు."

"విరిగింది తుంటి. చెవులు కాదు."

బురులై చేతిలో గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అపా గొంతు కాస్త తగ్గించింది. "జీతానికి మనిషిని పెట్టమన్నాను నేను. పరాయి ఆడది నన్ను ఈ స్థితిలో చూడటం వాడికి నామోషీ అట. నీకైతే ఎలాగూ కనపడదు కదా."

తాలాయ్ వంటింట్లో రొట్టె కోస్తున్నాడు. ఆమె అడిగింది. అతను కాదనలేదు.

"నేను అబద్ధమాడానా? అడిగానన్నాను. లేదన్నాడన్నాను."

"మానెయ్యమని నాతోనే చెప్పొచ్చుగా."

"చెబితే మానేదానివా?"

అతను ఇంకో ముక్క కోశాడు.

"గుడ్డి పెళ్ళాన్ని పనిలోంచి తీసేసి అమ్మకు కాపలా పెట్టాడని నన్ను అనేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. పనిముట్టు మారిందంతే." రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టాడు. "ఇంకొకటి. పాత అలాబెల్‌ను కొత్తదానిలోకి మార్చడం నీకొక్కదానికే వచ్చు. చేస్తానంటే సంతోషం. చెయ్యనంటే దాన్ని ఆపేసి ఖాళీ కొండతో మొదలుపెడతాం. నాకేం తేడా లేదు."

అతనికి నిజంగానే తేడా లేదని ఆమెకు తెలుసు. ఆ కొండ మీద మనుషులు ఏళ్ళ తరబడి కట్టుకున్నదంతా, పెంచుకున్న గుర్రాలన్నీ, అప్పగింతలప్పుడు ఆడపిల్లలకు పెట్టిన పెట్టెలతో సహా ఆమెకు తెలుసు. ఆమె మార్చింది. చివరిసారిగా ఆ అక్షరాలను చెవిలో వింటూ ఒక్క గుర్రపు పిల్ల కూడా తప్పిపోకుండా అన్నిటినీ అవతలికి దాటించింది. తనను వెళ్ళగొట్టే పనిని తానే లోపం లేకుండా పూర్తిచేసింది.

ఆఖరి రోజున ఆఫీసులో వెల్వెట్ చపాన్ తెచ్చి ఆమె భుజాల మీద కప్పారు. పదవీ విరమణ చేసే ముసలివాళ్ళకు కప్పే బరువైన అంగీ అది. బురులైకి నలభై రెండేళ్ళు. తాలాయ్ లేచి, అత్తగారి కోసం ఇంత పెద్ద పనిని వదులుకున్న కోడళ్ళు ఈ కాలంలో ఎక్కడున్నారని అడిగాడు. చప్పట్లు మోగాయి. ఎవరో అమ్మాయి ఏడ్చింది. ఆమెకు బాగా తెలిసిన మెట్ల మీద అతను ఆమె మోచెయ్యి పట్టుకుని, జాగ్రత్త, జాగ్రత్త అంటూ దింపాడు. ఇంటి గుమ్మంలో వదిలేసి ఆఫీసులో విందుకు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆడపడుచు అప్పటికే కోటు తొడుక్కుని సిద్ధంగా ఉంది. "ఇక నీ ఇల్లు, నీ అత్తగారు" అని తాళాల గుత్తి బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది.

బురులై చపాన్ విప్పలేదు. వంటింట్లో కూర్చుని టీ పోసుకుంది.

"కోడలా" అని పక్క గదిలోంచి పిలుపు వచ్చింది.

ఆమె టీలో పాలు కలుపుకుంది.

"వచ్చావని తెలుసు. తలుపు చప్పుడైంది. పక్క తడిసింది, మార్చు."

చెంచా అంచుకు తగలకుండా మెల్లిగా తిప్పింది.

"చెవుడు కూడా వచ్చిందా ఏం?" కాసేపు తిట్లు. ఆ తర్వాత మంచం కిర్రుమంది. ఏదో పట్టుకుని లేవబోయి నొప్పికి ఆగిపోయిన మూలుగు. గ్లాసు కింద పడి దొర్లింది.

"బురులై."

కాపురానికి వచ్చిన నాటి నుంచి అపా ఆమెను పేరు పెట్టి పిలవలేదు.

"బురులై, తల్లీ. నేను చెప్పబట్టే కదా నీకు తెలిసింది. చలేస్తోంది. ఒక్కసారి రా అమ్మా."

పిలుపు ఏడుపులోకి దిగింది. బురులై మొదటి నుంచి చివరి దాకా విన్నది. తర్వాత కెటిల్ కోసం చెయ్యి చాపి, కప్పులో ఇంకొంచెం టీ పోసుకుంది.