వదినగారి పక్కిల్లు

ఆయన్ని వీధంతా ఒకేధర అని పిలిచేది. మొహం మీద కాదులెండి, వెనకాల. పరదాలు, దుప్పట్లు అమ్మే కొట్టు ఆయనది. గల్లాపెట్టె పైన గోడకి "ఒకటే ధర, బేరం లేదు" అని బోర్డు. "కాస్త చూసి ఇవ్వండి" అని ఎవరైనా నోరు తెరిస్తే ఆయన కోప్పడేవాడు కాదు, విసుక్కునేవాడూ కాదు. విప్పి చూపించిన గుడ్డని మెల్లగా మడతపెట్టడం మొదలుపెట్టేవాడు. ఆ మడతలు చూసి సగం మంది దారికొచ్చేవారు. మిగతావాళ్ళు పక్క కొట్టుకి పోయి, నాసిరకం కొనుక్కుని, రెండు ఉతుకులయ్యాక మళ్ళీ ఈ గుమ్మమే ఎక్కేవారు. అలా తిరిగొచ్చినవాళ్ళని చూసినప్పుడు ఆయన మొహం ఇంతయ్యేది. ఆ అలవాటే చివరికి కొంప ముంచింది.

అసలు ఇల్లు అమ్మాలన్న కోరిక ఆయనది కాదు, ఆవిడది. ఆవిడంటే ఆయన భార్య. ఆవిడ అక్కగారు రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో, ఇంకో ఊళ్ళో ఒంటరిగా ఉంటోంది. భర్త పోయి చాలాకాలమైంది. ఉన్న ఒక్కగానొక్క కూతురు పెద్ద పట్నంలో ఎనిమిదో అంతస్తులో కాపురం ఉంటోంది. అక్కగారికి కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు చెప్పేశాడు. ఇంట్లో ఉన్నంతసేపూ అక్కగారికి ఏ ఇబ్బందీ లేదు. ఏ గిన్నె ఎక్కడుందో, ఏ గడప ఎంత ఎత్తుందో చేతికీ కాలికీ తెలుసు. వీధిలోకి వెళ్ళాలంటేనే పక్కన మనిషి కావాలి. కూతురు వచ్చి "పదమ్మా, నాతో వచ్చెయ్" అని కూర్చుంటే, తల్లి ససేమిరా అంది.

సరిగ్గా అప్పుడే అక్కగారి పక్కింటి డ్రిల్లు మాస్టారు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. మధ్యన అడ్డం ఒక్క ప్రహరీ గోడే. "నువ్వొచ్చెయ్యవే, పక్కపక్కనే పడుందాం" అని అక్క ఫోన్లో అనడం, "నేనూ అదే అనబోతున్నానే" అని చెల్లెలు ఏడవడం ఒకేసారి జరిగిపోయాయి. కూతురు కూడా మెత్తబడింది. "పిన్ని పక్కనుంటే నాకింకేం బెంగ? సరే, కొన్నాళ్ళు ఆగుతాను" అంది. మాస్టారు పెద్దమనిషి. "మీ ఇల్లు అమ్ముడయ్యేదాకా నేనింకెవరికీ మాటివ్వను లెండి" అన్నాడు. ఇంకేం కావాలండీ? కొట్టు అద్దెదే, అక్కడైనా పెట్టుకోవచ్చు. ఇక్కడి ఇల్లు అమ్మాలి, అక్కడిది కొనాలి. ఉన్న పనల్లా అదే.

ధర పెట్టే పని ఆయన నెత్తినేసుకున్నాడు. కిందటేడు ఎదురింటి పళ్ళ డాక్టరు తన ఇల్లు అమ్మాడు. ఎంతకి అమ్మాడో వీధిలో ఎవర్ని కదిపినా చెప్తారు. ఈయన ఆ అంకె పట్టుకున్నాడు. డాక్టరు ఇంటి తలుపులు మామూలు చెక్క, మనవి టేకు, దానికింత. అక్కడ ఎండాకాలం నీళ్ళు రావు, మనకొస్తాయి, దానికింత. అన్ని కిటికీలకీ మంచి పరదాలు వదిలేసి వెళ్తున్నాం, దానికీ ఇంత. అలా ఎక్కించుకుంటూ పోయి ఒక అంకె దగ్గర ఆగి, తృప్తిగా మంచినీళ్ళు తాగాడు.

బ్రోకరమ్మ స్కూటరు మీద వచ్చింది. హెల్మెట్టు చంకలో పెట్టుకుని ఆ అంకె విని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సార్, కిందటేడు రేటు కిందటేడుతోనే పోయిందండీ. బ్యాంకులు వడ్డీ పెంచాయి. కొనేవాళ్ళు చూస్తున్నారు, వెళ్తున్నారు. కాస్త కిందికి దిగి చెప్పండి, నేను తెమిల్చేస్తాను."

"తగ్గించడమనేది నా కొట్లోనే లేదమ్మా."

"కొట్లో ఈ దుప్పటి కాకపోతే ఇంకో దుప్పటి పోతుంది సార్. ఇది ఒక్కటే ఉందిగా మీకు!"

ఆయనకది ఎగతాళిలా వినిపించింది. బ్రోకరమ్మ నిట్టూర్చి, ఆ అంకెతోనే బోర్డు రాయించి గేటుకి కట్టించింది.

మొదట వచ్చింది ఒక నర్సూ, బస్సు డ్రైవరైన ఆమె మొగుడూ. ఇల్లంతా తిరిగి చూశారు. నర్సు వంటింట్లో నిలబడి కిటికీ తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. ఇల్లు మనసుకి పట్టిన మనిషి చేసే పని అది. బ్యాంకువాళ్ళు అప్పు కూడా ఖాయం చేశారట. అడిగినదాంట్లో పదోవంతు తగ్గించమన్నారు, అంతే. ఆయన "బేరం లేదమ్మా" అని లేచి నిలబడ్డాడు. మడతపెట్టడానికి చేతిలో గుడ్డ లేదు గానీ, ఉంటే మడతపెట్టేవాడే. "మా దగ్గరున్నదంతా అదే సార్" అన్నాడు డ్రైవరు. నర్సు ఇల్లావిడ వైపు చూసింది. ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

వాళ్ళు మెట్లు దిగుతుంటే ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇచ్చేద్దామండీ. ఇంకా గేటు దాటలేదు, పిలవండి."

"నువ్వూరుకో. నీకు తెలీదు. ఇలా వెళ్ళినవాళ్ళే తిరిగొస్తారు."

"అక్క ఎదురుచూస్తోందండీ."

"ఓ నెల ఆగితే మీ అక్కేం కరిగిపోదు."

ఆ మాట అన్నందుకు ఆయన తరవాత ఎన్నిసార్లు నాలిక్కరుచుకున్నాడో ఆయనకే తెలియాలి. అప్పటికి మాత్రం, గల్లాపెట్టె ముందు కూర్చున్నంత నమ్మకంగా అనేశాడు.

వాళ్ళు తిరిగిరాలేదు. వేరే పేటలో ఇంకేదో ఇల్లు కొనుక్కున్నారని బ్రోకరమ్మ చెప్పింది. ఆ తరవాత వచ్చేవాళ్ళు పల్చబడ్డారు. వీధిలో ఇంకో రెండు ఇళ్ళకి బోర్డులు కట్టారు, పక్క వీధిలో అపార్టుమెంటు కట్టేవాడు పని ఆపేసి ఇసక కుప్ప వదిలేసి పోయాడు. ఒకాయన వచ్చి నర్సు చెప్పినదానికంటే ఇంకా తక్కువ చెప్పాడు. ఈయనకి ఒళ్ళు మండింది. ఆ మనిషి వెళ్ళిపోయాక చాలా రోజులు ఆలోచించి, నర్సు అడిగిన ధరకి దిగాడు. అప్పటికి ఆ ధర ఇచ్చేవాళ్ళు లేరు. రెండో ఆయన చెప్పిన ధరకి దిగేసరికి, అదీ ఎక్కువైపోయింది. ఏం మనిషండీ! బస్సు కదిలిపోయాక స్టాపులోకి వచ్చి నిలబడటం, మళ్ళీ తరవాతి బస్సుకీ అదే తంతు. "మీరు దిగేది కరెక్టే సార్, కానీ లేటుగా దిగుతున్నారు" అంది బ్రోకరమ్మ. ఈసారి ఆయనకి కోపం రాలేదు, భయమేసింది.

ప్రతి ఆదివారం అక్కగారు ఫోన్ చేసేది. "ఎవరైనా వచ్చారా?" అదే మొదటి మాట. చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడేది. "వస్తున్నారే అక్కా, చూస్తున్నారు. ఇదిగో, అయిపోతుంది." ముందుగదిలో పేపరు పట్టుకుని ఆయన వింటూనే ఉండేవాడు. చదివిన వరసే మళ్ళీ మళ్ళీ చదివేవాడు. కొన్నాళ్ళకి అక్కగారు ఆ మాట అడగడం మానేసింది. అక్కడి ఎండల గురించీ, మోకాళ్ళ గురించీ మాట్లాడి పెట్టేసేది. అడగనప్పుడే ఆయనకి ఎక్కువ గుచ్చుకునేది.

ఒక సాయంత్రం అక్కగారు మందుల కొట్టుకి ఒంటరిగా బయల్దేరింది. వీధిలో పైపుల కోసం తవ్వి వదిలేసిన గోతిలో కాలు పడింది. చీలమండ విరిగింది. డ్రిల్లు మాస్టారే ఎత్తుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చాడు. కూతురు పరుగున వచ్చింది, ఈసారి ఇక ఎవరి మాటా వినలేదు. "చాలా రోజులు ఆగాను పిన్నీ. ఇంకెన్నాళ్ళు ఆగమంటావు?" అని ఫోన్లో అరిచింది. ఆ అమ్మాయిది మాత్రం తప్పేముంది?

వెళ్ళేముందు అక్కగారు ఒక్క మాటే మాట్లాడింది. "అమ్మాయి దగ్గరికి వెళ్తున్నానే. నువ్వేం బాధపడకు. మరిదిగారిని ఏమీ అనకు, ఆయన మాత్రం ఏం చేస్తారు, కాలం అలా ఉంది." ఫోన్ స్పీకర్లో ఉంది. ఆయన అక్కడే నిలబడి విన్నాడు.

ఆ వారంలోనే ఆయన బ్రోకరమ్మకి కబురు చేశాడు. "ఎవరు ఎంతంటే అంతకి ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. కొన్నవాడు గట్టిపిండం. నీళ్ళ మోటారుకీ, గోడ మీది చెమ్మకీ, చివరికి పరదాలు పాతబడ్డాయనీ తగ్గించమన్నాడు. ఆయన అన్నిటికీ తలూపాడు. నర్సు ఇస్తానన్నదాంట్లో ముప్పావు వంతు వస్తే గొప్ప. సంతకం పెట్టి రిజిస్ట్రారాఫీసు బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాడు. పాపం, బ్రోకరమ్మే పక్క కొట్లోంచి సోడా తెచ్చి తాగించింది.

అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. ఇల్లు ఖాళీ చెయ్యాలి కదా, ఎక్కడికి పోవాలి? మొహమాటంగానే డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేశాడు. మాస్టారి ఇల్లు అమ్ముడవనే లేదు. "ఇక్కడా రేట్లు పడిపోయాయండీ. మీరొస్తానంటే బాగా తగ్గించి ఇస్తాను" అన్నాడు మాస్టారు. ఆయన కాగితం తీసుకుని లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. అప్పుడు నర్సుకి ఇచ్చేసి, అప్పటి ధరకి మాస్టారి ఇల్లు కొన్నా చేతిలో మిగిలేది ఇంతే. ఇప్పుడూ ఇంతే. ఇక్కడ ఇల్లు దిగుతుంటే అక్కడి ఇల్లు కూడా దాంతోపాటే దిగింది. ఇన్నాళ్ళూ ఆయన ఏ లాభాన్ని పట్టుకుని వేళ్ళాడాడో, ఆ లాభం అసలు లేనే లేదు.

ఆ సంగతి సంబరమో దుఃఖమో తెలియని గొంతుతో ఆవిడకి చెప్పాడు. "మనకి నష్టం రాలేదే. ఆ ఇల్లే మనకొస్తోంది."

ఆవిడ గిన్నెలు కాగితాల్లో చుడుతోంది. తలెత్తలేదు. "అక్క లేని పక్కింట్లో నేనేం చెయ్యనండీ?"

ఆయన నేల మీద ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. పెళ్ళైనప్పట్నుంచీ ఆవిడతో అనని మాట అన్నాడు. "తప్పు చేశానే. నీ మాట విని ఆ రోజు పిలిచుంటే అయిపోయేది. నా మూర్ఖత్వం."

"నేనైనా గేటు దాకా పరిగెత్తి పిలవాల్సింది" అంది ఆవిడ. "నేనూ ఊరుకున్నాగా." ఇంకో గిన్నె తీసి చుట్టడం మొదలుపెట్టింది. ఆయనా ఒక కాగితం తీసుకున్నాడు.

వేరే దారి లేక ఆ ఇంట్లోకే చేరారు. ఇల్లు బాగానే ఉంది. గాలి వస్తుంది. పడగ్గది కిటికీ తీస్తే అక్కగారి వంటింటి కిటికీ, తలుపులు మూసి. ఆవిడ ఆ కిటికీ తీసేది కాదు.

కొన్నాళ్ళకి కూతురు అక్కగారిని కారులో తీసుకొచ్చింది, ఇంట్లో సామాన్లు తేల్చి, ఇల్లు అమ్మకానికి పెట్టడానికి. కారు దిగిన మనిషిని చూసి ఆయన గుర్తుపట్టలేకపోయాడు. నల్ల కళ్ళద్దాలు, రెండు చేతులతో కూతురి మోచెయ్యి పట్టుకుని, అడుగు పెట్టే ముందు నేలని కాలితో తడుముకుంటోంది. చెల్లెలు పరిగెత్తి వాటేసుకుంది. ఇద్దరూ అలా ఊగుతూ నిలబడ్డారు. ఆయన తాళం తీసే మిషతో ముందు నడిచాడు.

గుమ్మం దాటగానే అక్కగారు కూతురి చెయ్యి వదిలేసింది. నేరుగా నడిచింది. కుర్చీ పక్కనుంచి ఒంటిని కాస్త ఒంచి తప్పుకుంది, వంటింటి గడప చూడకుండానే దాటింది, పై అరలోంచి గిన్నె దించింది.

"అమ్మా, స్టవ్ జోలికెళ్ళకు!" అంది కూతురు కంగారుగా.

"మీ ఇంట్లో వెళ్ళట్లేదుగా. ఇది నా ఇల్లే. నువ్వెళ్ళి ఆ అట్టపెట్టెలు తెచ్చుకో, పో."

కూతురు అట్టపెట్టెల కోసం బజారుకి వెళ్ళింది. అక్కగారు చెల్లెలు తెచ్చిన పాలతో టీ పెట్టింది. కప్పు అంచు లోపల వేలి కొస పెట్టుకుని, వేడి తగిలేదాకా పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఈ మనిషికి కావలసిందల్లా మందుల కొట్టు దాకా ఒక చెయ్యి. అంతే కదా అనుకున్నాడు. ఇంకేమీ అక్కర్లేదు కదా.

"మరిదిగారూ, తీసుకోండి. మీకు చక్కెర తక్కువ కదా." కప్పు ఆయన చేతికందించి అక్కగారు పీట మీద కూర్చుంది. "మీరొక సాయం చేసిపెట్టాలి. ఈ ఇంటికి ధర ఎంత పెడదామంటారు? అమ్మాయికి ఈ లెక్కలు తెలీవు. మీరైతే మాట మీద నిలబడే మనిషి."

చెల్లెలు తల తిప్పేసుకుంది. ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"నన్ను అడక్కండి వదినా" అన్నాడు.

"మిమ్మల్ని కాక ఎవర్ని అడుగుతాను? మీరెంతంటే అంత. ఎన్నాళ్ళు పట్టినా పరవాలేదు లెండి. నాకిప్పుడు తొందరేముంది?" అని నవ్వింది. ఎత్తిపొడుపేమీ లేదు అందులో. మామూలుగా, మనిషిని నమ్మి అడిగింది. ఎత్తిపొడిచినా బాగుండేదని ఆయనకనిపించింది.

బయట కారు హారన్ మోగింది. పెట్టెలన్నీ ఎక్కించేసరికి ఎండ వాలింది. కూతురు లోపలికి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"చెయ్యివ్వమ్మా, ఇక్కడ మెట్టుంది."

"తెలుసే" అంది అక్కగారు, చెయ్యి ఇస్తూ.