పదో రోజు స్నానం

ప్రొక్లెయిన్ తొండం రెండోసారి తగలగానే అమ్ములు పెరట్లో చింతచెట్టు ఒరిగింది. కొమ్మల్లోని గూళ్లన్నీ ఒక్కసారే జారాయి. రెక్కలు రాని గూడబాతు పిల్లలు పాక మీద, నూతి గట్టు మీద, రాళ్ల మీద టపటపా రాలాయి.

అడ్డం వెళ్లిన అమ్ములును యంత్రంతో వచ్చిన మనుషులిద్దరు జబ్బలు పట్టి గోడకు అదిమారు. రొయ్యల చెరువుల యజమాని మహీధర్ కారు అద్దం కొంచెం దించాడు.

"చెట్టే కదమ్మా. టిప్పర్లకు దారి కావాలి. రెండు మొక్కలు పంపిస్తాను, నాటుకో."

అద్దం పైకి లేచింది. నలభై మూడు పిల్లలు చచ్చిపోయాయి. లెక్కపెట్టింది అమ్ములే.

నౌపడ ఉప్పుమడులకు అవతల, చిత్తడి నేల అంచున ఉంది కొంగరేవు. ఏటా చలికి ముందు వేల పిట్టలు వచ్చి ఆ ఊరి చింతచెట్ల మీద గుడ్లు పెడతాయి. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు వాటిని. అవి ఉన్నన్నాళ్లూ పెళ్లికి బ్యాండు మోగదు, దీపావళికి టపాసు పేలదు. సర్కారు వచ్చి రక్షిత ప్రాంతమని బోర్డు పెట్టింది. బస్సుల్లో వచ్చే పిల్లలకు పిట్టల్ని చూపించే పని అమ్ములుకు ఇచ్చింది. చెట్టు కూలిన రోజు మాత్రం ఆ సర్కారు మనిషి ఒక్కడూ ఫోనెత్తలేదు.

పురిటికొచ్చిన పిల్ల బిడ్డ మన గడపలో పోతే మైల మనదే. నలభై మూడు ఇళ్లవాళ్లు తలా ఒక పిల్లను తీసుకుని ఇసుకలో పూడ్చారు. పదో రోజు నుంచి మొగలో తలస్నానం చేసి మైల విడవాలి, రోజుకొక ఇల్లు చొప్పున. అది ఊరి కట్టు. మొదటి వంతు అమ్ములుది.

కానీ మొగలో నీళ్లేవి? సముద్రం చిత్తడిలోకి వచ్చే ఆ దారికి మహీధర్ నెల కిందటే అడ్డంగా మట్టికట్ట పోశాడు. లోపల రొయ్యల చెరువులు తవ్విస్తున్నాడు. చిత్తడి ఎండిపోతోంది, చేప చస్తోంది. మిగిలిన చెట్ల మీద తల్లిపిట్టలు ముక్కు కింది సంచులు ఖాళీగా తిరిగొస్తున్నాయి. ఇంకో పదిహేను రోజులు కట్ట ఉంటే గూట్లో పిల్ల మిగలదు, వలలో చేప మిగలదు.

వలల పాకలో ఊరంతా కూర్చుంది.

"ఆడి కారు తగలెట్టేద్దారి," అన్నాడు హరిబాబు. వయసు పాతిక, కోపం అంతకు రెట్టింపు.

"తగలెడితే నువ్వు జైలుకి, ఆడు కొత్త కారుకి," అంది నూకాలమ్మ. "టెక్కలి ఆపీసుకి మూడుసార్లు ఎల్లొచ్చినాం. ఏటయ్యింది? మన కాయితాల మీద టీ గళాసులెట్టుకున్నారు."

అమ్ములు లేచి నిలబడింది. "నాకు ఆ మిసను కావాల. నా సెట్టుని సంపిన మిసను నా కళ్లముందర సావాల."

ముసలి తాతారావు వల కుట్టే సూది ఆపాడు. "పదోనాడు ఎప్పుడే?"

"పున్నం రోజు, మావా."

"ఆ రొయ్యల బుగత సెరువులకి పూజెప్పుడు?"

"అదే రోజు. పంతులు సెప్పినాడంట. పలాస నుండి కాలేజీ బస్సులు వత్తన్నాయి. పిట్టలు బాగున్నాయని నాసేతే సెప్పించి వీడియో తీత్తారంట."

తాతారావు పళ్లు లేని నోటితో పాక అదిరేలా నవ్వాడు. "పంతుల్ని అడిగినాడు గానీ సంద్రాన్ని అడగలేదు సన్నాసి! పున్నం పోటు తొమ్మిదిన్నరకి మొగ కాడికొస్తాది. కట్ట ఇవతల మిసను, అవతల సంద్రం. మజ్జన మనం."

పౌర్ణమి ఉదయం మూడు బస్సులు దిగాయి. షామియానా, ఫ్లెక్సీలు, మహీధర్ బొమ్మ ఉన్న టోపీలు. ప్రొక్లెయిన్ డ్రైవరు యంత్రానికి కుంకుమ పెట్టి టిఫిన్‌కి వెళ్లాడు. అది ఎండిన మొగ అడుగున మెడలో బంతిపూల దండతో నిలబడి ఉంది.

మహీధర్ అమ్ములు చేతిలో మైకూ, టైపు చేసిన కాగితమూ పెట్టాడు. "ఉన్నది చదువు చాలు."

అమ్ములు కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

"పిల్లలూ! ఈ కాయితంలో ఉన్న పిట్టలు మా ఊర్లో లేవు. మా ఊర్లో ఉన్నవాటిని సూపిత్తాను, రండి."

మహీధర్ మైకు లాక్కున్నాడు. అప్పటికే ఆమె నడుస్తోంది. లెక్చరర్ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడికి? మనం పక్షుల్ని చూడ్డానికి వచ్చాం!"

"అయ్యే సూడ్డానికి ఎల్తన్నాం సార్," అంది భాగ్యశ్రీ. జీడిపప్పు ఫ్యాక్టరీ కూలీ కూతురు. తలమీది టోపీ తీసి ఆయన చేతిలోనే పెట్టింది. ఆమె వెనక బస్సు పిల్లలంతా కదిలారు.

ముందు ఇసుకలో నలభై మూడు చిన్న దిబ్బలు చూశారు. తర్వాత చెట్టు మొద్దు. తర్వాత తల్లిపిట్ట నోట్లోకి తల దూర్చి ఏమీ దొరక్క అరిచే పిల్లలు. ఎవరూ ఫొటోలు తీయలేదు. అక్కడి నుంచి కట్ట దగ్గరికి వచ్చారు.

కట్ట మీద ఊరి ఆడవాళ్లు పసుపు, కుంకుడు రసం, పారలతో నిలబడి ఉన్నారు. కట్ట అంచుదాకా సముద్రం వచ్చేసింది.

మహీధర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నారు? కేసు పెడతాను!"

"సావింటోల్లం బాబూ," అంది అమ్ములు. "పదోనాడు తానం సెయ్యాల. నీల్లకి సిన్న దారి తీసుకుంటన్నాం."

మొదటి పార ఆమెదే. రెండోది నూకాలమ్మది. పారలు చాలకపోతే గంపలొచ్చాయి. గంపలు చాలకపోతే భాగ్యశ్రీ చేతులతో తోడింది. పక్కనున్నవాళ్లు మహీధర్ టోపీలతో మట్టి ఎత్తి పోశారు.

మూరెడు గాడి పడింది. అంతే, మిగతా పని సముద్రమే చేసింది. కట్ట నడుము విరిగింది. ఎర్రటి నీళ్లు గర్జించి మొగలో పడ్డాయి. ప్రొక్లెయిన్ ముందు చక్రాల పట్టీల దాకా, తర్వాత సీటు దాకా, చివరికి తొండం దాకా మునిగింది. బంతిపూల దండ విడివడి నీళ్ల మీద తేలుతూ కొత్త చెరువుల్లోకి పోయింది.

అమ్ములు కళ్లార్పకుండా చూసింది. చూసినంతసేపూ చూసి, మెడలోతు నీళ్లలోకి దిగి మూడు మునకలు వేసింది.

గంటలో పోలీసు జీపు వచ్చింది. చెట్టు కూలినప్పుడు దానికి దారి తెలియలేదు. తడి చీరతోనే అమ్ములును ఎక్కించారు. ఊరు జీపును చుట్టుకుంది. ఎస్సై లాఠీ ఊపాడు.

మహీధర్ బురద కాళ్లతో అరిచాడు. "రేపే ఇంకో మెషీన్ తెస్తాను! రేపే కట్ట వేయిస్తాను! ఏం పీకుతారో చూస్తాను!"

"తే బాబూ, తే," అంది నూకాలమ్మ తాపీగా, పార కడుక్కుంటూ. "ఇయ్యాల అమ్ములు ఇంటి మైలే తీరింది. రేపు నా ఇంటి వంతు. నా ఎనకాల ఇంకా నలబై ఒక్క ఇల్లున్నాయి."

బస్సు మెట్టు మీద నుంచి భాగ్యశ్రీ చేతులు నోటికి అడ్డంపెట్టి కేకేసింది.

"అప్పా! రేపు తానం ఎన్ని గంటలకి?"

"పది దాటినాక రండే గుంటల్లారా!" తాతారావు సముద్రం వైపు చూసి చెప్పాడు. "రేపు పోటు కూసింత ఆలిస్యం."

జీపులో అమ్ములు నవ్వింది. చెట్టు కూలాక అదే మొదటిసారి.